విమానంలో అదనంగా డబ్బు కట్టి మంచి భోజనం తెప్పించుకోవడం మేలేనా?

రుచి కోసమైతే ఒక్క రూపాయి కూడా కట్టకండి. పెద్దవాళ్లకు వేళకు తిండి అందాలని కడితే కట్టండి, కానీ దాని మీదే భారం వేయకండి. ఇది అనుభవంతో చెబుతున్న మాట.

మూడేళ్ల కిందట అమ్మను అక్క వాళ్లింటికి ఢిల్లీ తీసుకెళ్లాను. అమ్మకు మధుమేహం, రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తప్పదు. టికెట్టులో తిండి కలిపి లేదు కాబట్టి నాలుగు రోజుల ముందే ఇద్దరికీ చపాతీలు, పప్పు ఉన్న ఖరీదైన భోజనం ఎంచుకుని డబ్బు కట్టేశాను. బయలుదేరే రోజు అమ్మ పొద్దున్నే లేచి పులిహోర కలిపి స్టీలు డబ్బాలో పెట్టింది. "డబ్బు కట్టాం కదా, ఇదంతా ఎందుకమ్మా?" అని విసుక్కున్నాను. "ఉండనీయరా, ఏం బరువు?" అంది. మెహిదీపట్నంలో పుష్పక్ బస్సెక్కి శంషాబాద్ చేరేదాకా నా విసుగు తగ్గలేదు.

తలుపులు మూశాక విమానం ముప్పావు గంట కదల్లేదు. మామూలు వేళ అయిందని, భోజనం వచ్చేస్తుందని అమ్మ సూది వేసుకుంది. మేము ఇరవై ఆరో వరుసలో ఉన్నాం. బండి ముందు వరుసల నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ మా దగ్గరికి వచ్చేసరికి, మా భోజనాలు విమానంలోకి ఎక్కలేదన్నారు. సూది పడ్డాక తిండి అందక, అప్పటికే అమ్మకు చక్కెర పడిపోయి పై పెదవి మీద చెమట బొట్లు. డబ్బా మూత క్లిప్పు తీయబోతే వేళ్లు వణికి జారిపోతున్నాయి. పరిచారిక పరుగున పండ్లరసం తెచ్చి తాగించింది, ఆ అమ్మాయికి ఇప్పటికీ దండం పెడతాను. కాస్త తేరుకున్నాక నేనే పులిహోర ముద్దలు చేసి అందించాను. కట్టిన డబ్బు తిరిగి రాబట్టడానికి ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్క లేదు. పొరపాటు వాళ్లది, రుజువులు చూపించాల్సింది మనం! ఇదెక్కడి న్యాయం?

ఇక రుచి సంగతి. విమానంలో పొయ్యి ఉండదు. నేల మీద వంటశాలలో గంటల ముందు వండి, చల్లార్చి, పైన ఓవెన్‌లో వేడి చేసి ఇస్తారు. ఎక్కువ కట్టినా ఆ దారిలో రావాల్సిందే. పైగా క్యాబిన్‌లో గాలి పొడి, పీడనం ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంత. ఉప్పు, తీపి నాలుకకు సరిగా అందవని జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు పరీక్షించి చెప్పారు. చింతపండు పులుపు మాత్రం చెక్కుచెదరదు. ప్రయాణానికి పులిహోరను మించినది లేదని మన పెద్దలు ఊరికే అనుకోలేదు. భద్రతా తనిఖీలో ఇలాంటి గట్టి తిండికి ఎప్పుడూ నాకు అడ్డు చెప్పలేదు.

టికెట్టులోనే భోజనం కలిపి ఉండే సంస్థలైతే మధుమేహం ఉన్నవారి భోజనం, శాకాహార భోజనం ఒకటి రెండు రోజుల ముందు చెబితే చాలావరకు అదనపు డబ్బు లేకుండానే ఇస్తాయి. ఆ సంగతి ఎవరూ పిలిచి చెప్పరు, మనమే అడగాలి.

డాక్టరు గారు ఆ తర్వాత అమ్మకు గట్టిగా చెప్పారు, పళ్లెం ముందుకొచ్చాకే సూది అని. ఇప్పుడు ఆ డబ్బాను నా సంచిలో నేనే పెడుతున్నాను, మూత క్లిప్పు ముందే వదులు చేసి.