కార్డు మీద ఎల్‌ఎంవీ, సీ బుక్కులో 45,500 కిలోలు

ప్రశ్న: మాది విజయవాడ. నాకు ఒక ట్రైలర్ లారీ ఉంది. ఏడు వారాల క్రితం పొక్లెయిన్ ఎక్కించుకుని హైదరాబాద్ వెళ్తుండగా, చిట్యాల ఇంకా రాకముందే ఒక మోటార్‌సైకిల్ రాంగ్ రూట్లో వచ్చి బండి పక్కకు తగిలి, దాని మీదున్నాయన చనిపోయారు. మా డ్రైవర్ భయపడి బండి వదిలి వచ్చేశాడు. పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో మనిషిలా ఉన్నవాడు, ఇంతవరకు ఒక్క యాక్సిడెంటు చేసి ఎరుగడు. ఆంధ్రా బండి కాబట్టే అక్కడివాళ్లు కక్ష కట్టారని నా నమ్మకం. డ్రైవర్ పేరు చెప్పమని పోలీసులు నోటీసు ఇచ్చారు. అతనికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఉంది. అది చాలని సుప్రీంకోర్టు చెప్పిందట. ఆటోనగర్‌లో తెలిసినవారు మాత్రం హెవీ లైసెన్సున్న వేరే డ్రైవర్ పేరు రాసి ఇమ్మంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం రాష్ట్ర సరిహద్దు గురించే ఉంది. మీ కేసుకు దానితో సంబంధం లేదు. మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం లైసెన్సు, 46వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతాయి. పన్నెండు నెలలు దాటి బండిని మరో రాష్ట్రంలో ఉంచితే తప్ప అక్కడి నంబరు తీసుకోనవసరం లేదు. మీరు పంపిన ప్రతుల ప్రకారం ప్రమాదం నాటికి నేషనల్ పర్మిట్టు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు మూడూ అమలులో ఉన్నాయి. పర్మిట్టు లేకుండా తిరిగిన బండి యజమానికి సుప్రీంకోర్టు 2018లో అమృత్‌పాల్ సింగ్ కేసులో ఏమాత్రం సానుభూతి చూపలేదు. ఆ చిక్కు మీకు లేదు.

మీ కేసును తేల్చేది ఒక్కటే: ఆ రోజు స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి లైసెన్సు ఆ బండి బరువుకు సరిపోతుందా, లేదా.

సరిపోదు. మీకు ఎవరో చెప్పిన తీర్పు నిజమైనదే. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో చెప్పిన మాటనే 2024 నవంబరు 6న రంభాదేవి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. అయితే ఆ మాటకు ఒక హద్దు ఉంది. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని మాత్రమే ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చు. మీ సీ బుక్కులో మొత్తం బరువు గడిలో 45,500 అని ఉంది. ఇంజిను బండి ఒక్కదాని ఖాళీ బరువు 7,500 లోపే కాబట్టి అది చట్టం ఎల్‌ఎంవీగా లెక్కించే ‘ట్రాక్టర్’ అవుతుందన్న మీ స్నేహితుని వాదన వినడానికి బాగుంటుంది గాని, కోర్టులో నిలవదు. చట్టం దృష్టిలో ట్రాక్టర్ అంటే తన మీద బరువు మోయడానికి తయారు కాని బండి. మీ ఇంజిను బండి వెనుక ట్రైలర్ బరువులో కొంత భాగాన్ని తన మీదే మోస్తుంది. అలా జతపడిన బండికి చట్టంలో వేరే నిర్వచనమే ఉంది. ట్రాక్టర్ లైసెన్సు ఉన్నవాడు ట్రైలర్ తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని 2001లో నాగశెట్టి కేసులో చెప్పిన మాటా మీకు పనికిరాదు. అక్కడ ముందున్న బండికి సరైన లైసెన్సు ఉంది. ఇక్కడ అదే లేదు.

ఇందులో మీ తప్పు చిన్నది కాదు. పద్దెనిమిదేళ్లుగా బండి అప్పగిస్తున్న మనిషి లైసెన్సు కార్డును ఒక్కసారి తిప్పి చదివి ఉంటే సరిపోయేది. లైసెన్సు నకిలీదైతే, దాన్ని ఆర్టీవో కార్యాలయానికి వెళ్లి పరీక్షించే బాధ్యత యజమాని మీద లేదని వాదించడానికి తీర్పులున్నాయి. మీ డ్రైవర్ లైసెన్సు నకిలీది కాదు. ఏ తరగతి బండికి ఇచ్చారో దాని మీదే అచ్చయి ఉంది. సరైన లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమానికి 5, 180 సెక్షన్ల కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక ఆటోనగర్ సలహా సంగతి. పోలీసులు మీకు ఇచ్చింది 133వ సెక్షన్ కింద నోటీసు. దానికి మీరు సంతకం పెట్టి ఇచ్చే జవాబు కేసు చివరి వరకు మీ వెంటే ఉంటుంది. మీ బండి ఆ రోజు కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్ టోల్‌ప్లాజాలు దాటి వచ్చింది. మూడు చోట్లా ఫాస్టాగ్‌లో నిమిషాలతో సహా సమయం నమోదవుతుంది. కెమెరా ఉన్న లేన్‌లో క్యాబిన్‌లో ఎవరున్నారో కనిపిస్తుంది. మీ డ్రైవర్ ఫోన్ ఆ సమయంలో ఏ టవర్ పరిధిలో ఉందో, మీరు పేరు ఇవ్వబోయే మనిషి ఫోన్ ఎక్కడుందో ఇన్సూరెన్సు కంపెనీ న్యాయవాది తెప్పించగలడు. ఈ రెండో మనిషికి ఆ రోజు మరో లోడు కిరాయి ఉంటే ఒక్క బిల్టీతో (లోడు రసీదుతో) అంతా బయటపడుతుంది. అప్పుడు ఇన్సూరెన్సు తగవు కాస్తా నేరం అవుతుంది. అసలు మనిషిని కాపాడటానికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద మీ పేరు మీద, ఒప్పుకున్న ఆ అమాయకుడి పేరు మీద కూడా కేసు తెస్తుంది. ఈ మాట అన్నవాళ్లెవరూ రేపు మీతోపాటు బోనులో నిలబడరు. డ్రైవర్ ఇప్పుడు హడావిడిగా హెవీ లైసెన్సు తెచ్చుకున్నా లాభం లేదు. ఆర్టీవో ఇచ్చే ఎక్స్‌ట్రాక్టులో ఏ తరగతి ఏ తేదీ నుంచి అన్నది స్పష్టంగా ఉంటుంది.

మీకు మిగిలిన దారి ఏది? సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో రెండు విషయాలు చెప్పింది. పాలసీ షరతు ఉల్లంఘనను నిరూపించే భారం ఇన్సూరెన్సు కంపెనీదే. ఆ ఉల్లంఘన ప్రమాదానికి కారణమైందని కూడా అది చూపాలి. అందుచేత మీ బలమంతా లైసెన్సు మీద కాదు, ప్రమాదం జరిగిన తీరు మీద పెట్టాలి. మోటార్‌సైకిల్ నిజంగా రాంగ్ రూట్లో వచ్చి ఉంటే, డ్రైవర్ నిర్లక్ష్యం రుజువు కానప్పుడు మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహార బాధ్యతే తగ్గుతుంది, కొన్ని కేసుల్లో పోతుంది. రుజువైతే మాత్రం ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునళ్లు సాధారణంగా కంపెనీని ముందు చెల్లించమని, తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెబుతాయి. ఆ వసూలు మీ ఇంటి మీదికే వస్తుంది.

రాంగ్ రూట్ రుజువుగా మీరు ఒక ఫోటో పంపారు. మోటార్‌సైకిల్ ఎటు తిరిగి పడిందో అందులో కనిపిస్తున్న మాట నిజమే. దానితోపాటు పొక్లెయిన్ చైను ట్రైలర్ పక్క నుంచి జానెడు బయటికి వచ్చి, దానికి ఎర్ర గుడ్డ ముక్క కూడా లేకుండా ఉన్నదీ కనిపిస్తోంది. 194(1ఎ) సెక్షన్ కింద దీనికే 20,000 రూపాయల జరిమానా ఉంది. అంతకన్నా ముఖ్యంగా, తగిలింది బండి పక్కకు. అవతలి న్యాయవాది మొదట అడిగేది దీన్నే. ఫోటోను దాచమని నేను చెప్పను, ఫోన్లోంచి తీసివేయవద్దనే చెబుతాను. కాని మీ న్యాయవాదికి చూపకుండా ఎవరికీ ఇవ్వవద్దు.

ఏడు వారాలైనా ఎవరూ కేసు వేయలేదని మీరు ధైర్యంగా ఉన్నట్టు రాశారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం మృతుని కుటుంబానికి ఆరు నెలల గడువు ఉంది. వారు వేయకపోయినా పోలీసులు 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కు పంపే సమగ్ర నివేదికనే పరిహార దరఖాస్తుగా తీసుకోవాలని 166(4)లో ఉంది. యజమానిగా మీరు 30 రోజుల్లో నింపి ఇవ్వవలసిన ఫారం గడువు ఇప్పటికే దాటింది. ఇన్సూరెన్సు కంపెనీకి ఇంతవరకు ఒక్క ఉత్తరమూ రాయలేదని మీరే చెప్పారు. సర్వేయర్‌తో ఫోన్లో మాట్లాడినది కోర్టులో సాక్ష్యం కాదు.

ముందుగా నోటీసుకు నిజం రాయండి: డ్రైవర్ పేరు, చిరునామా, లైసెన్సు నంబరు. అతణ్ని న్యాయవాది ద్వారా స్టేషన్‌లో హాజరుపరచండి. పారిపోయిన రోజులు పెరిగేకొద్దీ అతనికే నష్టం. కంపెనీకి ఆలస్యానికి కారణం చెబుతూ స్పీడ్ పోస్టులో సమాచారం పంపి, రసీదు జాగ్రత్త చేయండి. ఎఫ్‌ఐఆర్, ఘటనాస్థలి పంచనామా, రఫ్ స్కెచ్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నివేదికల సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. టోల్‌ప్లాజా రికార్డింగులు ఎక్కువ కాలం ఉంచరు కాబట్టి, వాటిని భద్రపరచమని దర్యాప్తు అధికారికీ, టోల్ నిర్వాహకులకూ ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. బండి జీపీఎస్ వివరాలు తీసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రంతో సహా తీసుకోండి. అది లేని కాగితాన్ని కోర్టు పక్కన పెడుతుంది. మృతుని కుటుంబం తాము ఉండే ఊళ్లోని ట్రైబ్యునల్‌లోనూ కేసు వేయవచ్చు. ఏ జిల్లా నుంచి సమన్లు వచ్చినా హాజరు కండి, లేకుంటే కేసు ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, తేలుతుంది.

133 నోటీసులో జవాబు గడువు ఏ తేదీయో మీరు రాయలేదు. ఈ సమాధానం చదివిన వెంటనే ఆ తేదీ చూసుకోండి. గడువు దాటిపోయి ఉంటే, దాటిందని ఒప్పుకుంటూనే ఈరోజే జవాబు ఇచ్చి, నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి.