కథల పుస్తకం అక్కదేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. లెక్కల్లో చురుకే గానీ, పాఠం చదవమంటే విసుక్కుంటాడు. వ్యాసం రాయమంటే నాలుగు వాక్యాలతో సరిపెడతాడు. వాళ్ళక్క పుస్తకం పట్టుకుంటే వదలదు. ‘మగపిల్లాడికి కథలెందుకు, ఐఐటీ ఫౌండేషన్ చూసుకుంటే చాలు’ అంటారు మావారు. మగపిల్లలకు చదవడం, రాయడం సహజంగానే అబ్బవా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అబ్బాయిలు చదవడంలో వెనకబడుతున్న మాట నిజమేనమ్మా. పదిహేనేళ్ళ విద్యార్థులకు పెట్టే అంతర్జాతీయ పీసా పరీక్షలో, 2018లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల సగటున పఠనంలో అమ్మాయిలు 30 పాయింట్లు ముందున్నారు. లెక్కల్లో అబ్బాయిల ఆధిక్యం 5 పాయింట్లే. అయితే దీన్ని పుట్టుకకు ముడిపెట్టడానికి నేను ఒప్పుకోను.

ఫ్రాన్సులో మూడో తరగతి పిల్లలకు కొన్ని పదాలిచ్చి, వాటిలో జంతువుల పేర్ల కింద గీత గీయమన్నారు. ఇది పఠన పరీక్ష అని చెప్పినప్పుడు అబ్బాయిలు వెనకబడ్డారు. అదే పనిని ఆట అని చెప్పినప్పుడు అమ్మాయిలను మించిపోయారు. 2016లో వెలువడిన ఈ అధ్యయనంలో నన్ను ఆలోచింపజేసినది మరొకటుంది: పరీక్ష అన్న మాటకు ఎక్కువగా తడబడినవారు చదువును పట్టించుకోని అబ్బాయిలు కారు, చదవడాన్ని విలువైనదిగా భావించేవారే. మీవాడి విసుగు వెనకా ఇలాంటి బెరుకు ఉందేమో గమనించండి. ఇంగ్లండులో 2013లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, అబ్బాయిలు అమ్మాయిలంత బాగా చేయరని ముందే చెబితే అబ్బాయిల మార్కులు తగ్గాయి, అమ్మాయిలవి తగ్గలేదు. ‘అక్కను చూసి నేర్చుకో’ అన్నప్పుడల్లా మనం చెబుతున్నది దాదాపు అదే.

మీవారి మాటకూ జవాబుంది: ఐఐటీ ప్రశ్నైనా ముందు చదివి అర్థం చేసుకోవలసిందే కదా! ఆయన రోజూ ఓ అరగంట, ఫోను పక్కనపెట్టి, వాడి కళ్ళముందు ఏదో ఒకటి చదవాలి. ఇంట్లో పుస్తకం పట్టేది అమ్మ, అక్క మాత్రమే అయితే, ఎవరూ చెప్పకపోయినా అది ఆడవాళ్ళ పనని వాడికి అర్థమైపోతుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి తండ్రీకొడుకులే వెళ్ళాలి. క్రికెట్టో, దెయ్యాల కథలో, వాడు ఎంచుకున్నదే కొనాలి. రాతకు వ్యాసాలు వద్దు. నిన్నటి మ్యాచ్‌లో ఆఖరి ఓవర్ ఎలా సాగిందో రాయమనండి, అక్షరదోషాలు దిద్దకుండా ముందు ఆసక్తిగా చదవండి.

వాడు అక్షరాలు తారుమారు చేస్తున్నా, చిన్న పదాలనూ కూడబలుక్కుంటున్నా మాత్రం అది వేరే సంగతి. అప్పుడు ఆలస్యం చేయకుండా కంటి పరీక్ష చేయించి, అభ్యసన సమస్యల నిపుణులకు చూపించండి.