చర్చిలో కుటుంబ నియంత్రణ మాట ఎత్తేదెలా?

“ఫలించి అభివృద్ధి పొందమన్న వాక్యం ఉండగా చర్చిలో ఈ గోలేంటి” అని మీ పెద్దలు అన్నారని, పైగా ఇప్పుడు ప్రభుత్వమే పిల్లల్ని కనమంటోందని రాశారు కదండీ. నేను బందరు వైపు ఒక పల్లెలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరమ్మని. ఆరేళ్ల కిందట మా పెద్దలూ వాక్యమే ఎత్తారు.

వాదనకి దిగకండి. మా అయ్యగారు ఒక్క సంగతే చెప్పారు: 1947లో మన సీఎస్ఐలో కలిసిన ఆంగ్లికన్లు, తగిన కారణముంటే దంపతులు గర్భనిరోధం పాటించవచ్చని 1930లో వాళ్ల బిషప్పుల లాంబెత్ సభలోనే ఒప్పుకున్నారని. పెద్దలు కాసేపు నోరు మెదపలేదు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల సంగతి వేరు, 1968లో పోపు ఆరో పాల్ సహజ పద్ధతులు తప్ప మిగతావి కూడదన్నారు. మా కూడికకొచ్చే ఆర్‌సీఎం అక్కల్ని అందుకే ఏ పద్ధతికీ బలవంతపెట్టం.

ఇక ప్రభుత్వం మాటకొస్తే, కనొద్దని చెప్పడం మా పని కానే కాదు. ఇద్దరైనా నలుగురైనా, కాన్పయ్యాక మళ్లీ కడుపు పండేలోపు కనీసం రెండేళ్లు తల్లి పుంజుకోవాలి. మన దగ్గర ఆపడమంటే ఆపరేషనే. 2019–21 సర్వేలో ఆంధ్రాలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం చేయించుకున్నవాళ్లే. అది కూడా ఆడవాళ్లకే, మగవాళ్ల వంతు ఒక్క శాతం కూడా లేదు. ఎడం పెట్టుకోవడానికి అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, కాపర్ టీ పీహెచ్‌సీలో ఉచితమని సగం మందికి తెలియదు.

ఛాయ గురించి మా ఏఎన్ఎం చెబుతుంటే ఒకమ్మాయి ఫక్కున నవ్వింది. నెలసరి మొదటి రోజు మొదటి మాత్ర. తనకది ఆదివారం పడితే రెండోది బుధవారం, మూడు నెలలు వారానికి ఇలా రెండేసి, ఆ పైన వారానికి ఒక్కటే, ఆదివారం నాడు. “ఆరాధన, బుధవారం కూడిక ఉండగా మర్చిపోతానా అమ్మగారూ” అంది. ఇంకొకామె అంతర కార్డుని బైబిల్ జిప్పు కవర్లో, అట్ట వెనక దాచుకునేది, అత్తగారు ఆ జిప్పు తీయరని. మూడు నెలలకోసారి దాంతోనే చర్చికొచ్చి, అటునుంచటే పీహెచ్‌సీకి వెళ్లేది. నెలసరి ఆగితే “రక్తం లోపలే గడ్డకట్టింది” అని పుకారు లేచింది. ఆ మందుకి అలా జరగడం మామూలేనని ఏఎన్ఎం నోటే చెప్పించండి, మనం చెబితే నమ్మరు.

మధ్యలో ఒకసారి మా పీహెచ్‌సీలో ఇంజెక్షన్లు అయిపోయాయి. “వచ్చే వారం రండి” అని మూడు వారాలు తిప్పారు. కూలి పోగొట్టుకుని వెళ్లే మనిషికి ఉచితమన్న మాట అక్కడే ఎగిరిపోతుంది. సంఘం లెటర్‌హెడ్ మీద పద్దెనిమిది మంది సంతకాలు, మూడు వేలిముద్రలతో మెడికల్ ఆఫీసరు గారికి అర్జీ ఇచ్చాం. ఇండెంటు పెట్టి, పది రోజుల్లో తెప్పించారు. వాక్యం ఎత్తిన పెద్దాయనే ఆ అర్జీ ముందుగా చదివి తప్పులు దిద్దారు, ఆయన కోడలు కూడా ఆ ఇంజెక్షన్ కోసం తిరిగినవాళ్లలో ఉందని నాకు తర్వాత తెలిసింది.

మీరైతే ముందు మీ ఏఎన్ఎంని ఇంటికి పిలిచి టీ ఇవ్వండి. మగవాళ్ల కూడిక మీ ఆయన్నే పెట్టమనండి, అక్కడ మనం కూర్చుంటే వాళ్లు నోరు విప్పరు.