కుండలు చేయడానికి కాలేజీ దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. కెమిస్ట్రీలో మంచి మార్కులు వచ్చాయి. సెలవుల్లో హైదరాబాద్‌లో వాళ్ల పిన్ని దగ్గర ఉండి పాటరీ క్లాసులకు వెళ్లింది. అప్పటి నుంచి ఇంజినీరింగ్ వద్దు, పాటరీయే చదువుతానని పట్టుబట్టింది. సారె పని, గ్లేజింగ్, కాల్చడం అన్నీ పైస్థాయిలో నేర్చుకోవాలట. కుండలు చేయడానికి కాలేజీ దేనికండీ? రేపు బతుకుతెరువు ఏమిటి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీరు అడిగిన మొదటి ప్రశ్న చాలా మంచిది. సారె మీద కుండ వానడం ఒక్కటే నేర్చుకోవాలంటే కాలేజీ అక్కర్లేదు. అది చేతికి రావాల్సిన విద్య. రోజూ కూర్చుంటే వస్తుంది, మానేస్తే పోతుంది. చిన్న ఎలక్ట్రిక్ వీల్ కొనుక్కుని ఇంటి వరండాలోనే సాధన చేయొచ్చు. వీలైతే ఒకసారి మీ అమ్మాయిని పలమనేరు తీసుకెళ్లండి. అక్కడ టెర్రకోట పని చేసే పెద్దల పక్కన ఒక పూట కూర్చోబెట్టండి. మట్టి ముద్ద సారె నడిమధ్యన కుదురుకోవడం, గోడ పైకి లేవడం కళ్లముందే జరిగిపోతుంది. ఆ చేతివాటం ఏ డిగ్రీతోనూ రాదు.

కాలేజీ కావాల్సింది ఆ తర్వాతి పనికి, అంటే గ్లేజుకీ నిప్పుకీ. మీ అమ్మాయి చదివిన కెమిస్ట్రీ వృథా అవుతుందని మీరు బాధపడుతున్నట్టున్నారు. నిజానికి ఆ కెమిస్ట్రీ అంతా ఇక్కడే అక్కరకొస్తుంది.

గ్లేజు అంటే కుండ మీద కరిగి అతుక్కున్న గాజు పొర. గాజుకు మూలం సిలికా. అది ఒక్కటే కరగాలంటే దాదాపు 1,700 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి కింద ఉన్న కుండే నిలవదు. అందుకని సిలికాను తక్కువ వేడిలో కరిగించే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, సున్నపురాయి పొడి కలుపుతారు. కరిగింది జారిపోకుండా చైనా క్లే అనే తెల్లమట్టి పట్టి ఉంచుతుంది. ఫెల్డ్‌స్పార్ 40, సిలికా 30, సున్నపురాయి 20, చైనా క్లే 10 పాళ్లు అన్నది స్టూడియోల్లో చాలాకాలంగా నడుస్తున్న లెక్క. 1,300 డిగ్రీలకు దగ్గరగా కాలిస్తే చక్కటి మెరుపు ఇస్తుంది. ఇందులో ఒక పాలు మారితే ఏమవుతుందో తెలుసుకోవడమే ఆ చదువులో సగం. నెల్లూరు దగ్గరి గూడూరు ప్రాంతంలో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ (సిలికా ఉండే రాయి) దొరుకుతాయి. అంటే ఈ గ్లేజులోకి కావాల్సిన సరుకు మన నేలలోనే ఉంది.

నేను చూసింది ఒకటి చెబుతాను. ఒక కాలేజీ స్టూడియో గోడకు బొటనవేలంత మట్టి బిళ్లలు వందలకొద్దీ మేకులకు వేలాడుతున్నాయి. ప్రతి బిళ్ల వెనక ఒక నంబరు రాసి ఉంది. ఒక విద్యార్థిని రెండు బిళ్లలు తీసి నా అరచేతిలో పెట్టింది. ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి ముదురు ఎరుపు. రెండింటికీ పూసింది ఒకే గ్లేజు, రెండింటిలోనూ ఉన్నది రాగే. మొదటిది గాలి ధారాళంగా ఆడే ఎలక్ట్రిక్ కిల్న్‌లో (కుండలు కాల్చే బట్టీలో) కాలింది. రెండోది గ్యాస్ కిల్న్‌లో, గాలి తగ్గించి కాల్చింది. అది చూపిస్తున్నప్పుడు ఆ పిల్ల ముఖంలో వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అదే రోజు ఇంకో కిల్న్ తెరిచారు. గ్లేజు ఎక్కువ కరిగి కిందికి కారింది. కప్పులన్నీ పలకలకు అతుక్కుపోయాయి. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు' అని మనవాళ్లు ఊరికే అనలేదు. వాటిని చేసిన కుర్రాడు కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. తర్వాత ఉలి తెచ్చుకుని ఒక్కొక్కటే ఊడదీశాడు. నోట్‌బుక్ తీసి వేడి ఎప్పుడు ఎంత పెంచాడో చూసుకున్నాడు. ఇలా పోగొట్టుకుని నేర్చుకునే అవకాశం సొంత ఖర్చుతో కష్టం. పెద్ద కిల్న్‌కు త్రీ ఫేజ్ కరెంటో గ్యాసో కావాలి, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. మీరు కట్టే ఫీజు దానికే అనుకోండి.

ఇక ఎక్కడ చదవాలి? అహ్మదాబాద్‌లోని ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో బీడెస్ (బ్యాచిలర్ ఆఫ్ డిజైన్) కింద సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ ఉంది. నాలుగేళ్ల కోర్సు, ప్రవేశం డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) పరీక్షతో. ఎంపీసీ వాళ్లూ రాయొచ్చు. బొమ్మలు గీయడం, ఆలోచన రెండూ చూస్తారు కాబట్టి ఇప్పటి నుంచే రోజూ స్కెచింగ్ చేయమనండి. బనారస్ హిందూ యూనివర్సిటీలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ)లో పాటరీ, సిరామిక్స్ విభాగం ఉంది. డిగ్రీ సంగతి పక్కన పెడితే, పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పేరు ఈ రంగంలో అందరికీ తెలుసు. ఈనాటి స్టూడియో కళాకారుల్లో చాలామంది అక్కడ పని నేర్చుకున్నవాళ్లే.

ఒక జాగ్రత్త. పేరులో 'సిరామిక్' ఉంది కదా అని తొందరపడి చేరొద్దు. రూర్కెలా ఎన్ఐటీ, ఐఐటీ బీహెచ్‌యూలో జేఈఈ ద్వారా వచ్చే సిరామిక్ ఇంజినీరింగ్ వేరే దారి. అది టైల్స్, ఫర్నేసుల్లో వాడే ఇటుకలు, పరిశ్రమల వైపు వెళ్తుంది. మంచి చదువే కానీ, అందులో చేరి సారె కోసం వెతుక్కుంటే నిరాశే మిగులుతుంది. మీ అమ్మాయికి కుండ మీద ప్రేమా, మట్టి గుణాల మీద ఆసక్తా అన్నది తనతో కూర్చుని తేల్చుకోండి.

బతుకుతెరువు గురించి దాచకుండా చెబుతాను. కోర్సు అవగానే నెల జీతం వచ్చే ఉద్యోగాలు ఈ రంగంలో తక్కువ. చాలామంది మొదట ఒక సీనియర్ స్టూడియోలో సహాయకులుగా చేరతారు. ఖుర్జా, జైపూర్ లాంటి చోట్ల క్రాకరీ తయారీదారుల దగ్గర డిజైనర్ పని దొరుకుతుంది. హోటళ్లకూ కేఫ్‌లకూ ప్లేట్లు, కప్పులు చేసివ్వడం, వారాంతపు క్లాసులు చెప్పడం ఇంకో దారి. మీ అమ్మాయి వెళ్లిన లాంటి క్లాసులే ఎవరో ఒకరికి జీవనాధారం కదా. సొంత స్టూడియో నిలదొక్కుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లు ఇంటి నుంచి ఎంత ఆసరా ఇవ్వగలరో ఇప్పుడే లెక్క వేసుకుని తనతో చెప్పండి. పిల్లలు నిజం చెబితే తట్టుకుంటారు, మధ్యలో చేయి వదిలేస్తేనే కుంగిపోతారు.

చేర్చే ముందు మీరూ తనతో కలిసి ఆ స్టూడియో చూసి రండి. నేల తడిబట్టతో తుడుస్తున్నారా, పొడి చీపురుతో ఊడుస్తున్నారా చూడండి. ఎండిన మట్టి, గ్లేజు పొడుల్లోని సిలికా దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పొడులు కలిపేచోట మాస్కులు వాడుతున్నారో లేదో అడగండి. ఆ తర్వాత కిల్న్ పక్కన ఉండే లాగ్‌బుక్ చూపించమనండి. ఎన్ని గంటలకు ఎంత వేడి అన్నది అందులో రాసి ఉంటుంది. అన్ని పేజీల్లోనూ ఒక్క టెక్నీషియన్ చేతిరాతే కనిపిస్తే ఇంకో కాలేజీ చూసుకోండి. పిల్లల చేతిరాతలు, కొట్టివేతలు కనిపిస్తే ధైర్యంగా అప్లికేషన్ తీసుకోండి.