రద్దయిన సీటు, దరఖాస్తులో తప్పు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి కాలేజీ దరఖాస్తును నెట్ సెంటర్ వారు నింపారు. అందులో ఆదాయ ధ్రువపత్రం నంబరు తప్పని చెప్పి, రెండో ఏడాది మధ్యలో నోటీసైనా ఇవ్వకుండా ప్రవేశం రద్దు చేశారు. ఏం చేయాలండీ?

జవాబు: సంజాయిషీ అడగకుండా రద్దు చేయడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం కనుక, ముందు రద్దు ఉత్తర్వును రాతపూర్వకంగా తీసుకొని యూనివర్సిటీ రిజిస్ట్రారుకు వినతిపత్రం ఇవ్వండి, అక్కడ ఫలితం లేకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయవచ్చు. పరిశీలిస్తే తెలిసిపోయే లోపాన్ని సకాలంలో చూసుకోని విశ్వవిద్యాలయం, పరీక్షకు అనుమతించాక అభ్యర్థిత్వాన్ని రద్దు చేయడం చెల్లదని శ్రీకృష్ణన్ వర్సెస్ కురుక్షేత్ర విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు ఏనాడో, 1975లోనే చెప్పింది. అది హాజరు తగ్గిన కేసే అయినా, ఆ సూత్రం మీకూ అండగా నిలవవచ్చు.

అయితే మీ సేవలో తీసుకొన్న అసలు పత్రాన్ని, దరఖాస్తు ప్రింటును పక్కపక్కన పెట్టి ఒక్కో అంకె సరిచూడండి. రెండు అంకెలు తారుమారైతే అది పొరపాటు. తహసీల్దారు అసలు జారీ చేయని పత్రమే జతపడి ఉంటే మాత్రం ఆ తీర్పు అక్కరకు రాదు సరికదా, తెలిసే పెట్టారని తేలితే భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ కేసు కూడా రావచ్చు. ఎవరు నింపినా సంతకం అమ్మాయిదే అవుతుంది. పాపం, చాలామంది పిల్లలు ఇక్కడే చిక్కుకుంటున్నారు.

మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది కనుక, ఆలస్యం చేయకుండా విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి.