కట్టెల వ్యాపారిని దాటిపోవద్దు

తమ్ముడికి,

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. భాష బాగుంది. కానీ మూడో అధ్యాయం దగ్గర ఒళ్లు మండింది. ఆరో అలెగ్జాండర్ పోప్ అనగానే మళ్లీ అదే విషపు ఉంగరం, మళ్లీ కూతురు లుక్రేజియా గిన్నెలో పొడి కలపడమేనా? ఆమె ఎవరికైనా విషం పెట్టిందనడానికి ఆధారం లేదు. 1503 ఆగస్టులో ఆయన పోయింది కూడా మలేరియాతోనే అయ్యుంటుందని చాలామంది చరిత్రకారుల మాట.

ఆయన్ని మంచివాడిగా చూపించమనడం లేదు. 1492లో పోప్ ఎన్నికలో తనను గెలిపించిన అస్కానియో స్ఫోర్జాకు, చర్చి పాలనలో అప్పటిదాకా తాను చూసిన వైస్ ఛాన్సలర్ పదవినీ, తన భవనాన్నీ ముట్టజెప్పాడు. కొడుకు చెసారేను ఇరవై నిండకుండానే కార్డినల్‌ని, అంటే పోప్‌ను ఎన్నుకునే పెద్ద మతాధికారుల్లో ఒకడిని చేశాడు. ఇన్ని నిజాలుండగా ఉంగరం దేనికి? పుకారు ఎవరు పుట్టించారో ముందు అడుగు. కొద్ది నెలలకే పోప్ పీఠమెక్కిన రెండో జూలియస్ ఆయనకు బద్ధశత్రువు. అలెగ్జాండర్ ఉన్న గదుల్లో ఉండటానికి కూడా ఒప్పుకోలేదు.

నా కుర్రతనంలో ఒక వారపత్రిక సంపాదకుడు నా చారిత్రక సీరియల్‌లో వారానికో హత్య కావాలన్నాడు. కుదరదన్నాను. సీరియల్ మధ్యలో ఆపేశారు. చాలాకాలం ప్రూఫులు దిద్దుకుని బతికాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. వెబ్ సిరీస్‌ల పుణ్యమా అని అదే జబ్బు ఇప్పుడు నీ తరానికీ పట్టింది.

1497 జూన్‌లో పోప్ కొడుకు హువాన్ శవం టైబర్ నదిలో దొరికింది. గొంతు కోసి ఉంది, డబ్బు సంచి మాత్రం అలాగే ఉంది. ఒడ్డున సరుకుకు కాపలా ఉన్న కట్టెల వ్యాపారి, గుర్రం మీద తెచ్చిన శవాన్ని నీళ్లలోకి విసరడం కళ్లారా చూశాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇక్కడ ఇలా పారేసిన శవాలు నూరు చూశాను, ఎవరూ పట్టించుకోలేదు అన్నాడట. పోప్ కొలువులోని బుర్కార్డ్ తన డైరీలో రాసుకున్న సంగతి ఇది. ఆనాటి రోమ్ మొత్తం ఆ జవాబులో ఉంటే, నువ్వు రెండు లైన్లలో దాటేశావు!

ఆ తండ్రి తలుపులేసుకుని తిండి మానేశాడు. కొడుకు తిరిగొస్తాడంటే ఏడు పోప్ పదవులైనా ఇచ్చేస్తానని కార్డినళ్ల సభలో ఏడ్చాడు. చర్చి వ్యవస్థను బాగుచేయడానికి ఆరుగురు కార్డినళ్లతో సంఘం వేశాడు. ముసాయిదా తయారైంది, ఆజ్ఞగా ఎన్నడూ వెలువడలేదు. ఆ ఏడుపు ఎంత నిజమో, ఆ కాగితం అటకెక్కడం అంత నిజం. నీ నవల ఆ రెంటి మధ్య ఉంది.

విషం సీన్లన్నీ కొట్టేసి, ఆ జూన్ నెల కొత్తగా రాసి పంపు. ముందుమాట, ప్రచురణ సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య