పెన్నా ఇన్‌ఫ్లోలు ఇచ్చే ముందు

కడప

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పెన్నా పరీవాహక ప్రాంతానికి వీప్ (WEAP) అనే నీటి ప్రణాళిక సాఫ్ట్‌వేర్‌లో నీటి నమూనా తయారు చేస్తున్నావనీ, ఇన్‌ఫ్లోలు, అంటే నదిలోకి వచ్చే నీళ్లు, ఎక్కడ, ఏ లెక్కన ఇవ్వాలో తేలడం లేదనీ రాశావు. నది మొదట్లో ఆ సాఫ్ట్‌వేరు అడిగే హెడ్‌ఫ్లో ఆ చోటికి సహజంగా చేరే నీరు మాత్రమే. ఎగువ వాడకాన్ని నమూనాలో విడిగా చూపించేటట్లయితే, వాడుకోగా మిగిలిన నీటిని హెడ్‌ఫ్లోగా ఇవ్వకూడదు. కాలువ తెచ్చి పోసిన నీటిని అందులో కలపనే కూడదు.

మన సీమలో పొరపాటంతా ఇక్కడే జరుగుతుంది. మిడ్ పెన్నార్ జలాశయం గేజి (నీటి కొలత) రిజిస్టరులో రాసే ఇన్‌ఫ్లోలో పెన్నా నీటితో పాటు తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీరూ ఉంటుంది. ఆ అంకెను యథాతథంగా నదికిచ్చి, హెచ్చెల్సీని మళ్లీ వేరే సరఫరాగా గీస్తే ఒకే నీటిని రెండుసార్లు లెక్కగట్టినట్టవుతుంది. కుందూ సంగతీ అంతే: అల్లాడుపల్లె దగ్గర కొలిచే ప్రవాహంలో కేసీ (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు నుంచి దిగివచ్చిన నీరు కూడా ఉంటుంది కనుక, దాన్ని విడదీయకుండా ఆయకట్టు రిటర్న్ ఫ్లోను (పొలాలకు పారాక తిరిగి నదికి చేరే నీటిని) మళ్లీ కలపవద్దు.

తాడిపత్రికీ చెన్నూరుకూ మధ్య పెన్నాలో చిత్రావతి, కుందూ, పాపాఘ్ని వచ్చి కలుస్తాయి. వాటికి వేరువేరు హెడ్‌ఫ్లోలు ఇచ్చి, చెన్నూరు ప్రవాహంలోంచి వాటినీ తాడిపత్రి ప్రవాహాన్నీ తీసివేస్తే మిగిలేది చిన్న వాగుల నీరు; దాన్ని ఆ రీచ్‌కు (ఆ రెండు ఊళ్ల మధ్య నది భాగానికి) ఉపరితల ఇన్‌ఫ్లోగా ఇవ్వాలి. కొన్ని నెలల్లో ఈ తీసివేత మైనస్‌లో తేలుతుంది. చాలామంది అక్కడ సున్నా పెట్టి ముందుకు వెళ్తారు, అది నాకు నచ్చదు. ఆ నీరు గండికోట జలాశయంలోనో మైలవరం జలాశయంలోనో నిలిచి ఉండవచ్చు, లేదా ఇసుకలోకి ఇంకి ఉండవచ్చు. మొదటిదైతే రిజర్వాయరు నిల్వలో, రెండోదైతే రీచ్ నుంచి భూగర్భానికి పోయే నష్టంలో చూపించాలి.

ప్రమాణాల విషయంలో జాగ్రత్త. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అని మనకు కంఠతా వచ్చు గానీ, హెడ్‌ఫ్లోను సెకనుకు ఘనపు మీటర్లలో ఇస్తున్నప్పుడు నెలలో ఎన్ని రోజులన్నది కూడా చూడాలి. నెలకు ఒక టీఎంసీ అంటే జూన్‌లో సెకనుకు 10.92, జూలైలో 10.57 ఘనపు మీటర్లు అవుతుంది. మన నీటి సంవత్సరం జూన్‌లో మొదలై మే నెలతో ముగుస్తుంది. నీ ఫైలూ సాఫ్ట్‌వేరూ ఒకే నెలతో మొదలవుతున్నాయో లేదో చూసుకో.

అతి పొడి, పొడి, సాధారణ, తడి, అతి తడి అని సంవత్సరాలను అయిదు రకాలుగా విడదీసే పద్ధతి సులువే, కానీ పెన్నా వంటి నదికి నేను దాన్ని సిఫారసు చేయను. అది ఆధార సంవత్సరపు ప్రవాహాన్ని గుణకంతో హెచ్చవేస్తుంది కాబట్టి, ఆధార సంవత్సరంలో సున్నాగా ఉన్న నెల ఎంత తడి ఏడాదిలోనైనా సున్నాగానే ఉంటుంది. దొరికినన్ని సంవత్సరాల నెలవారీ వరుసను ఫైలు నుంచి చదివించు. వరుసగా వచ్చిన కరువు ఏళ్లు ఆ వరుసలోనే నిలుస్తాయి, సగటు తీస్తే మాయమవుతాయి. వరదలను మాత్రం నెలవారీ లెక్కలో వెతకవద్దు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగిన నాటి వరద నెల సగటులో కలిసిపోతుంది.

ఇక ఖాళీ గళ్లు. గేజి చదవని రోజు వేరు, నది ఎండిన రోజు వేరు; ఎండినట్టు రిజిస్టరులో రాసి ఉంటేనే సున్నా వెయ్యి. మిగతా గళ్లకు రంగు వేసి ఫైలు నాకు పంపితే, ఆ రోజుల వర్షపాతం పక్కన పెట్టుకుని ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
మామ